మూడు పూతల కింద మచ్చ

అసూయ అని మర్యాదగా చెప్పుకోవచ్చు గానీ, నాది అసూయ కాదు, కుళ్ళు. ఆ వానాకాలమంతా కుళ్ళుకున్నాను. పోనీ ఎవరో పరాయివాళ్ళని చూసి అయినా బాగుండేది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తినే మా తోడికోడల్ని చూసి కుళ్ళుకున్నాను.

నేను కాలేజీలో పాఠాలు చెప్తాను. పాటల వీడియోలు, ప్రకటనలు, సినిమాలు జనం ఎలా చూస్తారు, చూసి ఏం అర్థం చేసుకుంటారు, తెరమీద ఎవరిని ఎలా చూపిస్తారు, ఇదీ నా సబ్జెక్టు. పద్దెనిమిదేళ్ళుగా అదే చెప్తున్నాను. దానిమీద ఒక పుస్తకం కూడా రాశాను. దాన్ని కొన్నవాళ్ళందరూ నాకు తెలిసినవాళ్ళే. మా తోడికోడలు పెద్దవీధి మలుపులో ఉన్న లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా అద్దాల తలుపు వెనక ఆవిరిలో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఇంట్లో అందరం చిన్నీ అంటాం. మేమిద్దరం అన్నదమ్ముల్ని చేసుకున్నాం, అత్తయ్య దగ్గరే అందరం కలిసి ఉంటున్నాం. గొడవల్లేవు. గొడవపడేంత అవసరం ఎప్పుడూ రాలేదు. నేను చదువుకున్నదాన్ని, చిన్నీ మంచిది. ఎవరి చోటు వాళ్ళకుంది.

వానలు మొదలైన వారంలో ఎవరో పాటల వీడియోలు తీసేవాళ్ళు ఆ లాండ్రీకి వచ్చారు. వాళ్ళకి ఆవిరి కావాలి, అద్దం మీద జారే వాన కావాలి. నటించడానికి తెచ్చుకున్న అమ్మాయి ఆ వేడికి పది నిమిషాల్లో కళ్ళు తిరిగి కూలబడింది. డైరెక్టరు తల పట్టుకుని, పోనీ చేతులు మాత్రం మీవి తీసుకుంటామండీ అని చిన్నీని బతిమాలాడు. చేతులయ్యాక, ఒక్కసారి మొహం ఇటు తిప్పండి అన్నాడు. అంతే. ఆ మొహం మళ్ళీ అటు తిప్పలేదు.

పాట నాలుగు నిమిషాలు. ఒక తెల్లచొక్కా. ఆమె కాలర్ ఇస్త్రీ చేస్తుంది, చేతులు చేస్తుంది, బొత్తాల పట్టీ చేస్తుంది. హ్యాంగరుకి తగిలించి తలుపు వైపు చూస్తుంది. ఎవరూ రారు. చొక్కా తీసి మళ్ళీ మొదటి నుంచీ ఇస్త్రీ చేస్తుంది. ఇంతే కథ. పది రోజులు తిరిగేసరికి ఊళ్ళో ఎవరి ఫోను మోగినా అదే పాట.

ఇంట్లో మా ఆయన స్నానాల గదిలో అదే కూనిరాగం. అత్తయ్య కళ్ళద్దాలు తుడుచుకుని మరీ రోజుకి నాలుగుసార్లు చూసేది. "చూశావా పెద్దమ్మాయ్, బొత్తాల దగ్గర చెయ్యి ఎంత మెల్లిగా పోనిచ్చిందో! ఒక్క బొత్తామైనా వదులు కాలేదు" అని మెచ్చుకునేది. మా మరిది బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆయన ఒకటే దెప్పుడు. "ఏమోనమ్మా, పదిహేనేళ్ళయింది పెళ్ళయి. నా చొక్కా ఎప్పుడైనా అంత ప్రేమగా చేసిందా?"

"మీ చొక్కాకి గ్రీజు వదిలితే గదా ప్రేమ పట్టేది" అంది చిన్నీ. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళు మాత్రమే నవ్వాయి.

అసలు దెబ్బ క్లాసులో తగిలింది. మా అమ్మాయి ఆ ఏడే మా కాలేజీలో చేరింది, నా క్లాసులోనే కూర్చుంటుంది. ఇంట్లో అమ్మా, క్లాసులో మేడమ్. మూడో బెంచీలోంచి చెయ్యెత్తి, "మేడమ్, ఈసారి ఆ పాత వీడియోలు వద్దు. మా పిన్ని పాట చూద్దాం" అంది. క్లాసంతా ఒక్కసారిగా హోరెత్తిపోయింది. పద్దెనిమిదేళ్ళలో నా క్లాసు ఎన్నడూ అలా హోరెత్తలేదు.

కాదంటే బాగుండదు. పాట వేశాను. తర్వాత బోర్డు దగ్గర నిలబడి ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "తీసినవాళ్ళు ఒక అర్థాన్ని పొట్లం కట్టి పంపుతారు. విప్పుకునేది చూసేవాళ్ళు. అందులో మూడు రకాలు. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకునేవాళ్ళు ఒకరు. కొంత ఒప్పుకుని, మిగతాది తమ బతుక్కి తగ్గట్టు సర్దుకునేవాళ్ళు ఇంకొకరు. నువ్విచ్చిన అర్థం నాకక్కర్లేదు పొమ్మని ఎదురు తిరిగేవాళ్ళు మూడోవాళ్ళు. ఇప్పుడు చెప్పండి, ఈ పాటలో ఆమె ఎవరి కోసం ఎదురుచూస్తోంది? ఒక్కొక్కరు ఒక్కో పేజీ రాసుకురండి."

నలభై రెండు పేజీలు వచ్చాయి. చనిపోయిన భర్త కోసమని కొందరు, వదిలేసి వెళ్ళినవాడి కోసమని కొందరు. చొక్కా తండ్రిదని ఒకడు రాశాడు. వాడికి తండ్రి లేడని నాకు తెలుసు. ముందు బెంచీలో కూర్చునే కళ్ళజోడు అమ్మాయి, "ఆమె ఎవరి కోసమూ చూడటం లేదు, చూస్తోందని మనం అనుకోవాలని తీసినవాళ్ళు ఆశపడుతున్నారు" అని రాసింది. దానికి పదికి తొమ్మిది వేశాను. మా అమ్మాయి ఏం రాసిందంటే, "మా పిన్ని ఎవరి కోసమూ ఎదురుచూసే మనిషి కాదు. ఇంట్లో అందరం ఆమె కోసం ఎదురుచూస్తాం." దానికి ఐదు వేశాను.

"ఐదేంటమ్మా?" అని ఇంటికొచ్చి నిలదీసింది.

"ఆధారం చూపించలేదు."

"నువ్వు ఎదురుచూడవా పిన్ని కోసం? ఆరున్నర దాటితే కిటికీ దగ్గరికి వెళ్ళవా?"

పొయ్యి దగ్గరికెళ్ళి కూర కలిపాను.

ఆ సాయంత్రమే చిన్నీని ఊరికే అడిగినట్టు అడిగాను. "ఆ తలుపు వైపు చూసేటప్పుడు మనసులో ఏమనుకున్నావే?"

చిన్నీ సిగ్గుపడిపోయింది. "ఎవరికీ చెప్పకక్కా. ఆ చొక్కా గుడ్డ మంచిది కాదు. కాలర్ ఎన్నిసార్లు చేసినా ముడత పోవట్లేదు. ఆ ముడత చూసి ఏడుపొచ్చింది. మధ్యలో మా లాండ్రీ ఆయన వచ్చి తిడతాడేమోనని తలుపు వైపు చూశా."

నలభై రెండు పేజీలు! భర్తలు, తండ్రులు, విరహాలు! తీరా చూస్తే కాలర్ ముడత. నాకు నవ్వు రావాలి. ఒళ్ళు మండింది. ఏమీ తెలియకుండానే ఇంతమందిని ఏడిపించిందే అని. తెలిసి తెలిసి నేను ఒక్కరిచేతా ఒక పేజీ తిప్పించలేకపోయాను.

తర్వాత వారం ఆ డైరెక్టరు మళ్ళీ ఫోను చేశాడు. రెండో పాట చిన్నీ మీదే తీస్తాడట, నెలాఖరుకి ఒప్పందం. ఆ వార్త చెప్పడానికి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అప్పుడు ఆ పిల్ల పడిపోబట్టి నన్ను నిలబెట్టారక్కా. ఈసారి నన్ను చూసి పిలిచారు. నన్నే." కళ్ళు తుడుచుకుంది. "నాకింతవరకూ ఇలాంటిదేదీ రాలేదు. వస్తుందనీ అనుకోలేదు. ఇది చెడకూడదక్కా. నీకు ఇవన్నీ తెలుసుగదా, ఏమైనా తప్పు చేస్తుంటే చెప్పు."

"అలాగేలే" అన్నాను.

అక్కడితో ఆగినా నేను మనిషిలా మిగిలేదాన్నేమో. మర్నాడు ప్రిన్సిపాలుగారు పిలిచారు. పిల్లలందరూ కలిసి అర్జీ పెట్టారట, మా విభాగం వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఆ లాండ్రీ పాట ఆవిడ రావాలని. "మీ ఇంట్లోనే ఉంటారటగా మేడమ్! మీరు ఒక మాట చెప్తే కాదనరు" అన్నారాయన, ముచ్చటపడిపోతూ. పద్దెనిమిదేళ్ళుగా ఆ సభకి కుర్చీలు వేయించేది నేను. మైకు సరిచూసేది నేను. రెండు ముక్కలు మాట్లాడండి మేడమ్ అని నన్ను ఒక్క ఏడూ ఎవరూ అనలేదు.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ మా ఆడపడుచు కొత్తిల్లు చూడటానికి వెళ్ళారు. తలనొప్పి అని నేను ఉండిపోయాను. బయట వాన. మూడు గంటల్లో వ్యాసం రాసేశాను. ఒక్క చోటా కలం ఆగలేదు. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత మంచిది మరొకటి లేదు, ఇప్పటికీ చెప్తున్నాను. మగో ఆడో తెలియని ఒక మారుపేరు పెట్టి, ఒక వెబ్ పత్రికకి పంపాను. బుధవారం వేశారు. శుక్రవారానికి పాట తిరిగిన ఫోన్లన్నిట్లోనూ అదీ తిరుగుతోంది.

అందులో తప్పేమీ లేదు. అదే నా దరిద్రం. ప్రతి మాటా సిద్ధాంతం ప్రకారం సరైనదే. పనిచేసే ఆడవాళ్ళని తెరమీద ఎలా అందంగా తుడిచి చూపిస్తారో రాశాను. కెమెరా ఆమెని ఏ చూపుతో చూసిందో రాశాను. నాలుగు వాక్యాలు ఎవరో కత్తిరించి, చిన్నీ బొమ్మ పక్కన పెట్టి పంచారు. ఇక జనం ఊరుకుంటారా? చెమట పట్టని కూలీ అన్నారు. బొమ్మలా నిలబడటానికి సిగ్గులేదా అన్నారు. నేను తీసినవాళ్ళని కదా అన్నాను, వాళ్ళు నిలబడినదాన్ని పట్టుకున్నారు. పొట్లం ఎవరెలా విప్పుతారో పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెప్పే నాకు తెలియదా? తెలుసు.

డైరెక్టరు ఫోను చేసి, గొడవ చల్లారేదాకా రెండో పాట ఆపుదాం అన్నాడు. ప్రిన్సిపాలుగారు కూడా, ఈ ఏడు వేరేవాళ్ళని చూద్దాంలెండి అన్నారు. ఆ రోజు నాకు అన్నం హితవయింది. దాచుకోవడం దేనికి, ఒక పూటంతా హాయిగా ఉంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటున్నాను. అత్తయ్య లోపల నిద్రపోతోంది. చిన్నీ తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫోను నా ముందు పెట్టింది.

"అక్కా, ఇది నాకు కొరుకుడు పడట్లేదు. మూడుసార్లు చదివా. నీకీ భాష వచ్చుగదా, కాస్త విప్పి చెప్పవూ?"

నా వ్యాసం. నా ముందే.

"ఇప్పుడెందుకే, ఎవరో ఏదో వాగారు" అన్నాను.

"కాదక్కా. దీనివల్లే పాట ఆగింది. ఏమన్నారో తెలుసుకోవాలిగదా నేను."

తప్పించుకునే దారి కనబడలేదు. చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "ఈ దృశ్యంలో శ్రమ ఉంది, శ్రమించే శరీరం లేదు. ఆవిరి ఉంది, చెమట లేదు."

"అంటే?"

"అంటే... ఆ పని ఎంత కష్టమో కనబడనివ్వలేదని. నీకు చెమట పడితే తుడిచేశారుగదా."

"అవును. చేతిగుడ్డ పట్టుకుని ఒక పిల్ల పక్కనే నిలబడింది." బుద్ధిగా తలూపింది. "ఇది నిజమే రాశారు. తర్వాత?"

"ఒక వర్గానికి ప్రాతినిధ్యం వహించాల్సిన స్త్రీ..."

"ప్రాతినిధ్యం అంటే ఏంటక్కా?"

"నిన్నొక్కదాన్నే చూపిస్తారు. కానీ చూసేవాళ్ళు నీలాంటివాళ్ళందరూ ఇలాగే ఉంటారనుకుంటారు. నీ ఒక్కదాని మొహం మీద అందరి బరువూ పడుతుంది."

"అమ్మో" అంది చిన్నీ. "అది నాకు ఎవరూ చెప్పలేదు."

నేను చదువుతూ పోయాను. "ఆ స్త్రీ ఇందులో మనిషి కాదు. కెమెరా కోసం మడత నలగకుండా తగిలించిన మరో చొక్కా."

దీనికి అర్థం అడగలేదు. కిటికీ వైపు చూసి, "ఇది తెలిసింది" అంది.

తర్వాతి వాక్యం నా కంటికి ముందే కనబడింది. రాసేటప్పుడు తట్టలేదు. పంపేటప్పుడూ తట్టలేదు. ఆ క్షణం దాకా తట్టలేదు. వదిలేసి కింది పేరాకి వెళ్ళబోయాను.

"ఒక వాక్యం వదిలావక్కా" అంది చిన్నీ. మూడుసార్లు చదివింది కదా.

చదివాను. "ఆ ముంజేతి మీది కాలిన మచ్చను పూతల కింద కప్పేసి, మచ్చలేని శ్రమను మనకు అమ్ముతున్నారు."

చిన్నీ తన ఎడమ చెయ్యి బల్లమీద పెట్టి చూసుకుంది. ముంజేతి లోపలివైపు, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో, గోధుమరంగు మచ్చ.

"ఇది పాటలో కనబడుతుందా అక్కా?"

నేను ఫోను చిన్నీ వైపు జరిపాను.

"కనబడదు. నేనూ వెతికి చూశాగా. ఆ చేతిగుడ్డ పిల్ల మేకప్ మూడు పూతలు పూసింది, నాకే ఆశ్చర్యమేసింది చూసుకుంటే." మచ్చని బొటనవేలితో ఒకసారి రుద్దుకుంది. "ఆవిడకెలా తెలిసిందో."

ఆవిడ అంది. ఆ మారుపేరులో ఆడామగా తెలియదని చెప్పాను కదా.

"నన్ను ఎవరో మరీ దగ్గర్నుంచి చూసినట్టున్నారు" అంది చిన్నీ. ఫోను తీసుకుని లేచింది. "టీ పెట్టనా అక్కా?"

"పెట్టు" అన్నాను.

ఆ మచ్చ లాండ్రీలో కాలిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళకి తెలిసింది అబద్ధం. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు, నేను ఆ పుస్తకం రాసుకునే రోజుల్లో, ఇస్త్రీపెట్టె బల్లమీద వేడిగా వదిలేసి పక్కగదిలో ఒక పేరా పూర్తి చేస్తున్నాను. పిల్ల తీగ పట్టుకు లాగింది. పెట్టె దాని మొహం మీద పడాల్సింది. చిన్నీ చెయ్యి అడ్డం పెట్టింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల చిన్నీ చంకలో ఏడుస్తోంది, తను కాలిన చేతిని నీళ్ళ కింద పెట్టుకుని పళ్ళు బిగబట్టి నిలబడింది. నేను మొదట అన్న మాట, "ఆయనకి చెప్పకే, నన్ను చంపేస్తారు." పద్నాలుగేళ్ళయింది. "లాండ్రీలో కాలిందంటాలే అక్కా, అక్కడ రోజూ కాలుతూనే ఉంటుందిగా" అంది చిన్నీ. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మచ్చని రాశాను నేను. పాటలో లేనిదాన్ని, నా కళ్ళలో ఉన్నదాన్ని.

ఆ టీ ఎలా తాగానో తెలియదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు గొంతు పెంచినా అయిపోయింది, చెప్పేసింది అనుకునేదాన్ని. చెప్పలేదు. ఎప్పటిలాగే పొద్దున నా చీర మడత సరిచేసి, వెళ్ళొస్తానక్కా అని వెళ్ళేది. ఒక్క చిన్న మాట దెప్పినా బతికిపోయేదాన్ని. పత్రికవాళ్ళకి ఫోను చేసి వ్యాసం తీసెయ్యమన్నాను. "జనం ఇంత బాగా చదువుతుంటే తీసెయ్యమంటారేంటి మేడమ్?" అని నవ్వాడు ఎడిటరు. చిన్నీ మంచితనానికి కూడా నాకు కుళ్ళే పుట్టింది. ఆ స్థానంలో నేనుంటే అలా ఉండగలిగేదాన్ని కాదు, అది నాకు బాగా తెలుసు.

ఐదో రోజు సాయంత్రం అందరం టీ తాగుతున్నాం. చిన్నీ గొంతు సవరించుకుని, "ఇవాళ పని మానేసి ఆ డైరెక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా" అంది.

మరిది కప్పు దించాడు. "ఎందుకు? బతిమాలడానికా?"

"బతిమాలడమెందుకు? ఆ వ్యాసం తీసుకెళ్ళి చదివి వినిపించా. అతనికీ సగం అర్థం కాలేదట. అక్క నాకు విప్పి చెప్పిందిగదా, అవే మాటలు చెప్పా. నన్నొక్కదాన్ని చూపిస్తే నాలాంటివాళ్ళందరి బరువూ నా మొహం మీద పడుతుంది బాబూ, పని చూపిస్తూ పనిచేసిన చెయ్యి కప్పేస్తే ఎలా అన్నా. ఈసారి పూతలొద్దు, చెమట పడితే పట్టనివ్వండి అన్నా. అలా తీస్తే చేస్తా, లేకపోతే మానేస్తా అన్నా."

"మానేస్తావా! అతనేమన్నాడు?"

"అలాగే తీద్దామండీ అన్నాడు. తర్వాత ఇదంతా మీకు ఎవరు చెప్పారండీ అన్నాడు. మా అక్క అన్నా."

మా ఆయన నా భుజం తట్టి, "మొత్తానికి మా ఆవిడ పాఠం ఒక చోట పనికొచ్చింది" అన్నాడు. మా అమ్మాయి వెళ్ళి చిన్నీ మెడ వాటేసుకుంది. నా దగ్గర చదువుకున్న పద్దెనిమిది బ్యాచుల్లో ఒక్కడు కూడా ఆ పాఠాన్ని తీసుకెళ్ళి అలా వాడలేదు. ఒక్క మధ్యాహ్నం విని చిన్నీ వాడింది.

"పిన్నీ, అసలిది ఎప్పుడు కాలింది?" మా అమ్మాయి ఆ మచ్చమీద వేలు పెట్టి అడిగింది.

"ఎప్పుడోనే. నువ్వు చిన్నప్పుడు" అంది చిన్నీ. నా వైపు చూడలేదు. నేనూ తలెత్తలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక రెండో పాట వచ్చింది. ఈసారి తెల్లచొక్కా లేదు, తలుపు వైపు చూపులూ లేవు. దుప్పట్ల గుట్టలు, ఆవిరి, మెడ మీద చెమట. పాట చివర కెమెరా ఆ ముంజేతి దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆ మచ్చ తెరనిండా ఉంటుంది. మొదటి పాటని మించి తిరిగింది.

క్లాసులో వెయ్యక తప్పలేదు. వేశాను. అలవాటుగా బోర్డు దగ్గర నిలబడి అడిగాను, "ఆ మచ్చని మీరెలా అర్థం చేసుకున్నారు?"

చేతులు లేచాయి. భర్త కాల్చాడు మేడమ్, ఆమె మౌనం చూస్తే తెలుస్తోంది అంది ఒకమ్మాయి. అది పాత ప్రేమకి గుర్తు అన్నాడు ఒకడు. మచ్చని కూడా అందంగా తీసి మళ్ళీ అమ్ముతున్నారు, మొదటి పాటకీ దీనికీ పెద్ద తేడా లేదు అంది కళ్ళజోడు అమ్మాయి. మంచి జవాబు అది. మా అమ్మాయి లేచి నిలబడింది. "అది లాండ్రీలో కాలింది మేడమ్. మా పిన్ని పనికి అది సంతకం." గర్వంతో దాని మొహం వెలిగిపోతోంది.

"ఇందులో ఏది కరెక్టు మేడమ్?" అడిగింది కళ్ళజోడు అమ్మాయి.

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా ఒకటే జవాబు చెప్తాను. కరెక్టు అంటూ ఒకటుండదు, చూసేవాళ్ళు ఎంతమందో అర్థాలు అన్ని. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంకా నిలబడే ఉన్న మా అమ్మాయిని చూశాను. ఆ మొహం మీద చిన్న గీత కూడా లేదు.

"దీనికి కరెక్టు జవాబు ఉంది" అన్నాను. చాక్‌పీసు బల్లమీద పెట్టాను. "అది లాండ్రీలో కాలింది కాదు. మా ఇంట్లో కాలింది. ఇస్త్రీపెట్టె వేడిగా వదిలేసింది నేను. నాలుగేళ్ళ మా పాప తీగ లాగింది. పెట్టె దాని మొహం మీద పడకుండా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరికీ చెప్పొద్దని నేనే అడిగాను. ఇవాళ్టి దాకా చెప్పలేదు."

కళ్ళజోడు అమ్మాయి కలం మూత పెట్టేసింది.

"ఇంకొకటి. మొదటి పాటమీద వ్యాసం చదివారుగదా మీరంతా. అది రాసింది నేను. సిద్ధాంతం కోసం రాయలేదు. ఓర్వలేక రాశాను."

ఎవరూ రాసుకోలేదు. మా అమ్మాయి మెల్లిగా కూర్చుంది. అరచేత్తో చెంప తడుముకుంది, అక్కడేదో ఉండాల్సినట్టు. గంట మోగింది.

మా అమ్మాయి రోజూ బస్టాపు దగ్గర నా కోసం ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు. నేను వెళ్ళేసరికి పెద్దవీధి వైపు గబగబా నడిచిపోతోంది. పిలిచాను. వెనక్కి తిరగలేదు. కాస్త దూరంగా నేనూ నడిచాను.

లాండ్రీ అద్దానికి ఇవతల ఆగిపోయాను. లోపల చిన్నీ చేతిలో ఎవరిదో చొక్కా ఉంది. మా అమ్మాయి దాన్ని లాగి పక్కన పడేసింది. ఆ ఎడమచెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని తన చెంపకి ఆనించుకుంది. ఏదో అంటోంది, చిన్నీ తల అడ్డంగా ఊపుతోంది. అద్దానికి ఆవిరి పట్టింది, మాటలు వినబడటం లేదు. నా కూతురు నన్నెప్పుడూ అలా పట్టుకోలేదు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు కుళ్ళే పుట్టింది.

చిన్నీ తలెత్తి నన్ను చూసింది. తర్వాత పిల్ల చేతుల్లోంచి తన చెయ్యి మెల్లిగా విడిపించుకుని, లోపలికి రమ్మని ఆ చేత్తోనే పిలిచింది.